సానరాయి ఊరివాడు

చాచా పోయాడు. పోయే ముందు తన పెట్టె తానే చేసుకున్నాడట. అంటే శవాన్ని పడుకోబెట్టే పెట్టె. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని ముందే చేయించి పెట్టుకుంటారట. ఈయన స్వయంగా వడ్రంగి కాబట్టి ఇంకొకరిని పిలవలేదు. మూత బిగించి, దాని మీదెక్కి కూర్చుని, అటూ ఇటూ మూడుసార్లు ఊగి చూసి, గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు నమిలి, ఫరవాలేదు, నిలుస్తుంది అన్నాడట. మూడు నెలల తర్వాత అందులోకి చేరాడు.

ఈ కబురు చైనా నుంచి ఆయన కూతురు, మాతో కలిసి పనిచేసిన మస్తాన్‌కు పెట్టింది. మస్తాన్ నాకు ఫోన్ చేశాడు. నేను బర్ దుబాయ్‌లో బట్టల కొట్లో ఉన్నాను. ఒకావిడకు పరదాల గుడ్డ కొలుస్తున్నాను.

"చాచా పోయినాడంట మామా" అన్నాడు. "పెట్టె మింద కూర్చోని మూడుసార్లు ఊగినాడంట" అని ఏడుస్తూనే నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కొలిచే గుడ్డ కొలతలోనే వదిలేసి వెనక్కి పోయాను. బీరువా కింది అరలో పాత తువ్వాలలో చుట్టి పెట్టిన రాయి ఒకటి ఉంది. ఉందా లేదా అని చూసుకున్నాను. ఉంది. రాయి ఎక్కడికి పోతుంది.

చాచా ఆరడుగుల మనిషి. చేతులు పడవ తెడ్లలాగా ఉండేవి. ఇద్దరు మనుషులు మోయలేని దూలాన్ని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో టీ తాగుతూ నడిచేవాడు.

ఆగండి. నా రోగం అప్పుడే మొదలైంది. ఆయన నా చెవి దాకా వచ్చేవాడు, నేనేమంత పొడుగరిని కాను. దూలం మోసేటప్పుడు ఇంకొకరిని సాయం పిలిచేవాడు. టీ అసలు తాగేవాడే కాదు. మా జగిత్యాల వైపు మా ఇంట్లో అందరూ నా మాటను సగానికి కోసుకుని వినేవాళ్లు. అందుకని చిన్నప్పుడే ప్రతిదీ రెండింతలు చేసి చెప్పడం నేర్చుకున్నాను. సగం కోసినా అసలు మిగులుతుందని. అది అరవై ఏడేళ్లకూ పోలేదు. ఇందులో ఎక్కడైనా ఏనుగులు కనిపిస్తే నమ్మకండి. నేనే వచ్చి వెనక్కి తీసుకుంటాను.

ఒక్క సంగతి మాత్రం నేను పెంచలేదు, తగ్గించలేదు, నిన్నటిదాకా అసలు చెప్పనే లేదు. అది మస్తాన్‌కు చెప్పాల్సిన సంగతి. దానికోసమే ఇదంతా.

చాచా పేరు రాయను. స్టోర్ కీపర్‌గా రోజూ హాజరు జాబితాలో ఆయన పేరు చూసినవాణ్ణే, తెలియక కాదు. ఆయనది పేర్లను అరగదీసే ఊరు. కాగితం మీద తన పేరు ఎక్కిస్తే సంతోషించే మనిషి కాదు. యార్డులో ఆయన అందరికీ చాచాయే. నెల్లూరు మస్తాన్‌కూ, బిహారు వాళ్లకూ, నాకూ. నాకన్నా మూడేళ్లు చిన్న, అయినా నాకూ చాచాయే.

మా యార్డు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఉండేది. ఓడలెక్కే యంత్రాలకు చెక్కపెట్టెలు కట్టి బిగించి పంపడం మా పని. చెక్క, మేకులు, ఇనుప పట్టీలు నా స్టోర్‌లోంచి చీటీ మీద పోయేవి. పెట్టెలు చాచా చేసేవాడు. కట్టిన పెట్టెల్ని మస్తాన్ ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తి లారీకి ఎక్కించేవాడు. పదకొండేళ్లలో మస్తాన్ చేతిలోంచి ఒక్క పెట్టె జారలేదు. వాడికి వేరే ఆస్తి లేదు, ఆ మాటే ఆస్తి.

ఎప్పుడో ఒక చైనా కంపెనీతో వంతెన కట్టడానికి వచ్చి, వంతెన అయిపోయాక కూడా చాచా ఇక్కడే ఉండిపోయాడట. ఆయన హిందీలో మొత్తం యాభై మాటలుండేవి. యాభైతోనే ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. నాకు మాటలు కోటానుకోట్లు, ఏం లాభం.

నెత్తి మీద ఎండ పెళపెళలాడుతుంటే ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసుకుని తాగేవాడు. మేమంతా ఐసు ముక్కల కోసం కొట్టుకుంటుంటే, ఈయన ఊదుకుంటూ తాగడం చూస్తే ఒళ్లు మండేది. "చాచా, పేట్ మే క్యా పకారే?" అని అడిగేవాణ్ణి, కడుపులో ఏం వండుతున్నావని. "గుస్సా" అనేవాడు. కోపాన్ని వండుతున్నాడట. నవ్వకుండా అనేవాడు. అది పరాచికమో నిజమో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మేకులు పెదవుల మధ్య పెట్టుకుని పనిచేసేవాడు. మాస్కులు తప్పనిసరైన రోజుల్లో ఒకసారి సేఫ్టీ వాడొచ్చి మాస్కు పైకి లాగమంటే, నోట్లోని ఆరు మేకులూ ఒక్కొక్కటే తీసి వాడి అరచేతిలో పెట్టి, మాస్కు లాక్కుని, మేకుల కోసం చెయ్యి చాపాడు. మేకు ఇచ్చే కొద్దీ ఒక్కొక్కటే కొట్టాడు. సేఫ్టీ వాడు అరగంట ఎండలో నిలబడి మేకులందించాడు. మళ్లీ మాస్కు మాట ఎత్తలేదు. ఆయన తిరుగుబాటు అలా ఉండేది. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, చెప్పినవాడు అలిసిపోయేదాకా.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆయన కూర్చోవడం. పెట్టె పూర్తయ్యాక దాని మీదెక్కి కూర్చునేవాడు. మూడుసార్లు ఊగేవాడు. గింజలు నమిలి పొట్టు చొక్కా జేబులో వేసుకునేవాడు. కిర్రుమంటే దిగి మళ్లీ విప్పేవాడు. కిర్రుమనకపోతే దిగి చెయ్యి ఊపేవాడు. చాచా కూర్చున్న పెట్టె అంటే యార్డులో ఇంక మాట లేదు. కంపెనీ వేసే ముద్ర తర్వాత, ముందు ఆయన పిర్రల ముద్ర.

కరోనా వచ్చిన మరుసటి ఏడాది కొత్త ముదీర్, అంటే మేనేజర్, వచ్చాడు. వేసవిలో ఒక పెద్ద నీటి పంపు ఓడెక్కాల్సి ఉంది. దాని కింద నాలుగంగుళాల దిమ్మెలు వేయాలి. స్టోర్‌లో దిమ్మెలు అయిపోయాయి. నేను మూడుసార్లు రాసి పంపాను, తెప్పించలేదు. "ఉన్న పలకలే వేసెయ్యండి, యల్లా, త్వరగా" అన్నాడు ముదీర్. ఉన్నవి అంగుళం పలకలు. చీటీ రాసి ఇచ్చాను. చాచా ఒక పలక తీసి వాసన చూశాడు, గోటితో గీశాడు, ఉలి సంచిలో పెట్టేసుకున్నాడు. "యే మై నై" అన్నాడు. ఇది నేను చేయను అని. పక్క షెడ్డు నుంచి ఇద్దర్ని పిలిపించి పెట్టె కట్టించారు.

చాచా దాని మీద కూర్చోలేదు. దాని పక్కనుంచే నడిచిపోయి ఇంకో పెట్టె మీద కూర్చున్నాడు. యార్డంతా చూసింది. చూసి నోరు మూసుకుంది. మస్తాన్ సాయంత్రం షిఫ్టుకు వచ్చేసరికి చాచా వెళ్లిపోయాడు, అడగడానికి లేడు. పెట్టె ఎత్తాడు. మనిషి ఎత్తు లేచాక అడుగు విడిపోయి పంపు నేల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పంపు రెండు ముక్కలైంది.

రెండు వారాల్లో ఇన్సూరెన్స్ మనిషి వస్తాడు. అప్పటిదాకా మస్తాన్‌ను మెషీన్ మీంచి దింపి చేతికి చీపురిచ్చారు. తప్పు డ్రైవర్‌దేనని తేలితే పంపేస్తారు. ఊరికే పంపరు, బ్యాన్ వేసి పంపుతారు, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టకుండా. పెళ్లయి ఏడాది కాలేదు వాడికి. భార్యను తెచ్చుకోవాలని షార్జాలో గదులు చూసుకుంటున్నాడు.

ముదీర్ నన్ను గదిలోకి పిలిచి మెడ మీద కత్తి పెట్టాడు.

పెట్టలేదు. టీ పెట్టాడు. చక్కెర ఎంత అని కూడా అడిగాడు. ఒక కాగితం జరిపాడు. స్టోర్ నుంచి ఇచ్చిన చెక్క సరైనదే అనీ, డ్రైవర్ తొందరపడి ఓరగా ఎత్తడం నేను చూశాననీ అందులో ఉంది. చెక్క అంగుళం పలక. ఎత్తేటప్పుడు నేను స్టోర్ లోపల ఉన్నాను, ఏమీ చూడలేదు.

"బాబా, మీ వీసా వచ్చే నెలే కదా?" అన్నాడు చాలా మర్యాదగా. అరవై దాటినవాడికి వీసా పొడిగించడం వాళ్ల చేతిలో ఉంటుంది.

సంతకం పెట్టాను. టీ కూడా పూర్తిగా తాగాను. ఆ మాట చెప్పడమే ఎక్కువ కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున మస్తాన్ యార్డు ఊడుస్తూ, చీపురు చంకలో పెట్టుకుని నాకు సలాం చేశాడు. నేనూ చేశాను. చేసి వెంటనే తల తిప్పుకున్నాను. చాచా అది చూశాడు. దగ్గరికొచ్చి, "తుమ్ సైన్?" అన్నాడు. తలూపాను. వేడినీళ్లు ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

ఎండాకాలంలో పన్నెండున్నర నుంచి మూడింటిదాకా బయట పని బంద్. అందరూ షెడ్డు కింద పడుకుంటారు. ఆ మధ్యాహ్నం చాచా నా స్టోర్ గదిలోకొచ్చాడు. నా బల్ల మీద, సరిగ్గా నా ఫైలు మీద, ఒక రాయి పెట్టాడు. నల్లది, జానెడు పొడవు, నడుమ పల్లంగా పడవలా అరిగిపోయింది. ఫ్లాస్కు మూతలోంచి నాలుగు చుక్కల వేడినీళ్లు దాని మీద పోశాడు. సంచిలోంచి ఉలి తీసి నూరడం మొదలుపెట్టాడు.

రుస్. రుస్. రుస్.

నన్ను చూడలేదు. గంటన్నర. బూడిదరంగు నీళ్లు నా కాగితాల మీదికి కారాయి. మూడింటికి రాయి తుడుచుకుని వెళ్లిపోయాడు. మరుసటి రోజు మళ్లీ వచ్చాడు.

"చాచా, నీకు వేరే జాగ దొరకదా?" అన్నాను.

"టేబుల్ అచ్ఛా" అన్నాడు. నా బల్ల బాగుందట.

మూడో రోజు ఉండబట్టలేక, ఈ రాయి ఎక్కడిదని అడిగాను. నేను అడగాలనే చూస్తున్నట్టున్నాడు. "మేరా గావ్" అన్నాడు. తన ఊరి పేరు చెప్పాడు. నా నాలుకకు ఎక్కలేదు. అర్థం అడిగితే రాయినీ ఉలినీ చూపించాడు. మన మాటలో చెప్పాలంటే సానరాయి ఊరు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో ముప్పై మాటల హిందీలో, మిగతాది చేతులతో, గింజల పొట్టుతో నా బల్ల మీద ఆడి చూపించాడు.

ఒక నది ఒడ్డున ఒక ఊరు. దాని మీదికి ఒక సేనాపతి వెయ్యి ఏనుగులతో వచ్చాడు. ఏనుగులు లేవు, చెప్పానుగా. కొంతమంది సైనికులు. ఊరు పట్టుకున్నాడు. పట్టుకుని, రేవులో ఒక పెద్ద రాయి పాతించి, దాని మీద తన పేరు చెక్కించాడు. ఇకమీదట ఊరి పేరు ఇదే అన్నాడు. దీన్ని పగలగొడితే తల తీస్తా, కదిలిస్తే తల తీస్తా, కప్పెడితే తల తీస్తా అని చాటించి, కాపలా పెట్టి వెళ్లిపోయాడు.

ఎవరూ పగలగొట్టలేదు. కదిలించలేదు. కప్పెట్టలేదు. ఒక ముసలామె, రేవులో చేపలు కోసి అమ్మేది, పొద్దున్నే వచ్చి రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, చేపల కత్తి నూరుకుంది. కాపలావాడు పట్టుకున్నాడు. పగలగొట్టానా అంది. లేదు. కదిలించానా. లేదు. కప్పానా. లేదు. కత్తి మొద్దుబారింది నాయనా, మీ దొర రాయి మంచి రాయి అంది. వాడు పక్కకు జరిగాడు. మర్నాడు మంగలి వచ్చాడు. తర్వాత రెల్లు కోసేవాళ్లు కొడవళ్లతో వచ్చారు. తర్వాత ఊరు ఊరంతా. పనున్నవాళ్లూ వచ్చారు, కత్తి పదునుగా ఉన్నవాళ్లూ వచ్చారు. రోజుకు ఒక్కరుద్దు.

ఎన్నో ఏళ్లకు సేనాపతి తిరిగొచ్చాడు. రేవులో నున్నటి రాయి ఉంది, నడుమ గిన్నెలా పల్లం పడి ఉంది. పేరు లేదు. ఎవడు చేశాడని గర్జించాడు. అందరూ చేశారు కాబట్టి ఎవరూ చేయలేదు. చాచా అక్కడ ఆగి, ఒక గింజ పొట్టు గోటితో ఎగరగొట్టి, "లాస్ట్ అక్షర్, ఉస్కా సిపాయీ" అన్నాడు. చివరి అక్షరాన్ని అరగదీసింది ఆ సేనాపతి సైనికులేనట. యుద్ధానికి పోయే ముందు కత్తులు నూరుకోవాలి కదా, దగ్గర్లో మంచి రాయి అదే.

అదయ్యాక ఉలి తీసుకుని మళ్లీ రుస్ రుస్ మొదలెట్టాడు.

నేను బాగుంది బాగుంది అని నవ్వాను. ఆ రోజు షెడ్డులో పదిమందికి ఆ కథ చెప్పాను, ఏనుగులు చేర్చి. సాయంత్రం క్యాంపు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక తట్టింది. ఆయన నా బల్ల మీద నూరుతున్నది ఉలిని కాదు. ఆ కథలో రాయిని నేను. నా మీద ఉన్న పేరు ముదీర్‌ది.

అలా నలభై రోజులు నూరాడు. ఇన్సూరెన్స్ మనిషి రావడానికి రెండు వారాలే గడువని ముందే చెప్పాను కదా, నలభై ఎక్కడివి. తొమ్మిది రోజులు. తిట్టలేదు, బతిమాలలేదు, మస్తాన్ పేరు ఒక్కసారి ఎత్తలేదు. తిడితే నేను తిరిగి తిట్టి హాయిగా ఉండేవాణ్ణి. బయట మస్తాన్ చీపురు చప్పుడు, లోపల రాయి చప్పుడు, మధ్యలో నేను.

తొమ్మిదో రోజు ఆయన నా చెవి మీది పెన్సిల్ తీసుకుని, ఆ ఉలితో సూదిలా చెక్కి, నా ముందు పెట్టాడు.

"తుమ్ ఆద్మీ అచ్ఛా" అన్నాడు. "హాథ్ ఖరాబ్." నువ్వు మంచివాడివే, నీ చెయ్యే చెడ్డది.

నేను లేచాను. ముదీర్ గది తలుపు కాలితో తన్నాను. ఫైలు మొహాన కొట్టాను. "మా తెలంగాణోళ్ల సంతకం అమ్ముడుపోదు" అని గర్జించాను. గాజు తలుపు బీటలు వారింది.

ఈ ముక్కను నేను ఈ దేశంలో కనీసం వంద చోట్ల చెప్పాను. మస్తాన్‌కు పదిసార్లు చెప్పాను. జరిగింది ఇది. తలుపు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఆయన ఫోన్ పెట్టాక లోపలికి పోయాను. గొంతు పిల్లి గొంతులా వచ్చింది.

"సార్, నా సంతకం తప్పు. చెక్క అంగుళందే. చీటీ ఉంది."

"బాబా, మళ్లీ ఆలోచించుకోండి" అన్నాడు.

"తొమ్మిది రోజులు నూరుడైంది సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు అయింది, చాలు.

చీటీల పుస్తకం ఇచ్చి వెళ్లమన్నాడు. స్టోర్‌లో ఉందన్నాను. స్టోర్‌లో లేదు. నా టిఫిన్ క్యారియర్‌లో పప్పు గిన్నె కింద ఉంది. ఆ ఒక్క అబద్ధానికి నేను ఈ రోజుకీ గర్వపడతాను. బయటికొచ్చేసరికి చాచా తలుపు పక్కన నేల మీద కూర్చుని గింజలు నములుతున్నాడు. నాకూ గుప్పెడు పోశాడు.

ఇన్సూరెన్స్ మనిషి వచ్చిన రోజు, పప్పు మరకతో సహా ఆ చీటీ చూపించాను. ముదీర్ ఏదో అనబోయాడు. అప్పుడు చాచా ఆ స్టోర్‌లోని పలకే ఒకటి తెచ్చి రెండు దిమ్మెల మధ్య వంతెనలా వేశాడు. "యే బాక్స్ మై నై బైఠా. అభీ బైఠేగా" అన్నాడు. ఆ పెట్టె మీద నేను కూర్చోలేదు, ఇప్పుడు కూర్చుంటాను అని. ఎక్కి కూర్చున్నాడు. ఒకసారి ఊగాడు. రెండుసార్లు ఊగాడు. మూడోసారికి పలక ఫటుక్కున విరిగి, చాచా కింద పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. దుమ్ము దులుపుకుని లేచి, "ఖలాస్" అన్నాడు. రిపోర్టులో తప్పు చెక్కదే అని రాసుకున్నారు. ఆ మధ్యాహ్నమే మస్తాన్ మెషీన్ ఎక్కాడు.

నా వీసా పొడిగించలేదు. పొడిగించరని తెలిసే పోయాను కాబట్టి ఏడవలేదు. బర్ దుబాయ్‌లో హైదరాబాద్ సేట్ ఒకాయన, ముసలాడివైనా లెక్కగా మాట్లాడతావని తన వీసా మీద కొట్లో పెట్టుకున్నాడు. నేను ఎంత లెక్కగా మాట్లాడతానో ఆయనకు ఇంకా తెలియదు.

మరుసటి ఏడాది చాచా ఊరికి వెళ్లిపోతూ కొట్టుకొచ్చాడు. గుడ్డల తానుల మధ్య నిలబడి అటూ ఇటూ చూసి, "మస్తాన్ కో బోలా?" అన్నాడు. మస్తాన్‌కు చెప్పావా అని.

చెప్పలేదు. సంతకం వెనక్కి తీసుకున్న సంగతే చెప్పాను. అంతకుముందు పెట్టిన సంగతి చెప్పలేదు. ముదీర్ అడిగినా పెట్టలేదన్నట్టు, మొదటినుంచీ కొండలా నిలబడ్డట్టు చెప్పాను. వాడు నమ్మాడు. తలొంచుకున్నాను.

చాచా సంచిలోంచి ఆ రాయి తీసి, పరిచి ఉన్న తెల్లగుడ్డ మీద పెట్టాడు.

"అభీ ఖలాస్ నై" అన్నాడు. ఇంకా అయిపోలేదు. అంతే. మెట్రో వైపు నడిచిపోయాడు, చేతిలో ఫ్లాస్కుతో.

ఆ తర్వాత మస్తాన్ భార్యను తెచ్చుకున్నాడు. షార్జాలో అల్ నహ్దాలో ఇంకో కుటుంబంతో కలిసి ఫ్లాట్ తీసుకున్నాడు. ఆమె బ్లౌజులు కుడుతుంది. వాడు నెలకో శుక్రవారం జుమ్మా అయ్యాక డబ్బా నిండా బిర్యానీ తెచ్చి నా ముందు పెట్టేవాడు. "నువ్వు ఉజ్జోగం పోగొట్టుకోని నన్ను నిలబెట్టినావు మామా" అనేవాడు. నేను తినేవాణ్ణి. బాగుందని ఇంకో ముద్ద కూడా తినేవాణ్ణి. రాయి బీరువాలో ఉండేది.

అలాంటిది చాచా తన పెట్టె మీద తాను కూర్చుని ఊగాడన్న కబురొచ్చింది. ఆ మనిషి చివరికి తనను కూడా పరీక్ష చేసుకుని పోయాడు. నా కింది చెక్క ఏ పాటిదో నాకు తెలుసు. ఆ శుక్రవారం తువ్వాల మూట చంకన పెట్టుకుని మెట్రో దిగి, బస్సెక్కి, అల్ నహ్దా వెళ్లాను.

మస్తాన్ కుర్చీ వేశాడు. వాడి భార్య కుట్టుమిషన్ దగ్గరి నుంచే, "రండి మామయ్యా, టీ పెడతా" అంది. వద్దమ్మా, ముందు మాట ఉంది అన్నాను. మూట విప్పి రాయి బల్ల మీద పెట్టాను.

"చాచా రాయి గదా?" అన్నాడు మస్తాన్.

చెప్పాను. టీ సంగతి, చక్కెర సంగతి, కాగితంలో ఏం రాసుందో, కింద నా సంతకం. తలుపు తన్నలేదని కూడా చెప్పాను. కుట్టుమిషన్ ఆగిపోయింది.

మస్తాన్ వేలితో రాయి నడిమి పల్లాన్ని తడిమాడు.

"ఎన్ని దినాలు మామా?"

"ఏంది?"

"సైను పెట్టినాక ఎన్ని దినాలకు తీసినావు?"

రెండు అని నోటి దాకా వచ్చింది. "తొమ్మిది" అన్నాను.

"తొమ్మిది దినాలు నేను యార్డు ఊడస్తా ఉండా. పొద్దన్నే నీకు సలాం పెడతా ఉండా."

"పెట్టినవ్."

"నువ్వు గూడా తిరిగి పెడతా ఉంటివే."

"పెట్టిన."

వాడు లేచి వంటగదిలోకి పోయాడు. గిన్నెలు కదిలిన చప్పుడు. వాడి భార్య నా వైపు చూడలేదు, ఒళ్లోని గుడ్డ మడత పెడుతోంది. గుమ్మం ఎంత దూరమో చూసుకున్నాను. మస్తాన్ తిరిగొచ్చి నా ముందు ఒక కూరగాయల చాకు పెట్టాడు. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన మాంసం కొట్టే కత్తి. గిన్నెలో నీళ్లు.

"నూరు" అన్నాడు.

నాకు నూరడం రాదు. చాచా చేతుల్ని గుర్తు తెచ్చుకుని మొదలుపెట్టాను. మస్తాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాకు అయిందనుకుని పక్కన పెడితే, తీసి బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, మళ్లీ నా ముందు పెట్టాడు. "ఇంకా" అన్నాడు. మళ్లీ నూరాను. బూడిద నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి. అసర్ అజాన్ వినిపించింది. వాడు నమాజుకు పోయి వచ్చాడు, నేను నూరుతూనే ఉన్నాను. మాంసం కత్తి దగ్గరికొచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. వాడి భార్య ఒక గ్లాసు నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. వేడినీళ్లు. కావాలనే అలా తెచ్చిందో, చల్లటివి లేవో, అడగలేదు. ఊదుకుంటూ తాగాను.

అన్నీ అయ్యాక లేచాను. రాయిని తువ్వాలలో చుట్టబోయాను.

"దాన్ని ఆడే పెట్టు" అన్నాడు మస్తాన్.

చెప్పులు తొడుక్కుని లిఫ్టు దగ్గర నిలబడ్డాను. బిర్యానీ డబ్బా లేదు చేతిలో, ఉంటుందని నేనూ అనుకోలేదు. లిఫ్టు తలుపు తెరుచుకుంటుండగా వాడు గుమ్మంలోకి వచ్చాడు.

"మామా. రేప్పొద్దన రా. మా ఆమె కత్తెర్లుండాయి."

"ఎన్ని?"

"నాలుగు."

ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాక, అక్కడ నలభై అని రాద్దామనిపించింది. చెయ్యి అటే పోయింది కూడా. పట్టుకుని ఆపాను.

నాలుగే.